వడ్రంగి విద్యార్థి చేసిన వస్తువు ఇంటికి చేరాలి

సంపాదకులకు,

వడ్రంగి ట్రేడ్‌లో చాలా ఏళ్లుగా ప్రాక్టికల్స్ చెబుతున్న ఉపాధ్యాయుడిని. ఐటీఐలలో ఈ ట్రేడ్ పిల్లల చేత మనం చేయిస్తున్న పనుల గురించి మీ పత్రిక ద్వారా సంబంధిత అధికారుల దృష్టికి ఒక విషయం తేదలచాను. ఎనిమిదో తరగతి పాసైన వారు చేరగలిగే ఈ ఒక ఏడాది కోర్సులో హాఫ్ ల్యాప్ (రెండు ముక్కలనూ సగం మందం కోసి ఒకదానిపై ఒకటి కూర్చేది), మార్టిస్ అండ్ టెనాన్ (ఒక ముక్క గాడిలో మరో ముక్క నాలుకను దూర్చేది), డవ్‌టెయిల్ (పావురం తోక ఆకారపు పళ్లను ఒకదానిలో ఒకటి బిగించేది) వంటి అతుకులను రెండేసి కర్ర ముక్కల మీద చేయించి, మార్కులు వేసి, ఆ ముక్కలను ఓ మూల పడేయడం నేను చూస్తూ వచ్చిన ఆనవాయితీ. చివరికి అవి పొయ్యిలోకి పోతాయి. రెండు రోజులు ఉలి పట్టి చేసినది కట్టెల కుప్పలో కలవడం కళ్లారా చూసిన పిల్లవాడికి తర్వాతి పని మీద మనసు ఎలా నిలుస్తుంది? మధ్యాహ్నం అయ్యేసరికి నా తరగతి సగం ఖాళీ అయ్యేది. ఆ తప్పు పిల్లలదేనని చాలాకాలం అనుకున్నాను.

మూడేళ్ల క్రితం అతుకులను అలాగే ఉంచి, చేయించే వస్తువులను మార్చాను. మార్టిస్ అండ్ టెనాన్ ఇప్పుడు పీట కాళ్ల దగ్గర నేర్చుకుంటున్నారు, డవ్‌టెయిల్ పోపుల పెట్టె మూలల దగ్గర నేర్చుకుంటున్నారు. గుండ్రటి ఉలి వాడకానికి వామనగుంటల పీట పెట్టాను. పద్నాలుగు గుంటలూ ఒకే లోతున రావాలి కనుక, ఆఖరి గుంటకు వచ్చేసరికి ఉలిని ఎంత వాల్చాలో నేను చెప్పనక్కరలేకుండానే చేతికి తెలిసిపోతోంది.

అన్నిటికంటే పిల్లలను కట్టిపడేసింది వ్యాసపీఠం, అంటే గ్రంథాన్ని తెరిచి పెట్టుకుని చదువుకునే మడత పీఠం. ముస్లిం ఇళ్లలో దీనినే రెహాల్ అంటారు. మేకు, జిగురు, మడతబందు ఏవీ లేకుండా ఒకే పలక నుంచి ఇది తయారవుతుంది. పలక మధ్యలో ఒకదానిలో ఒకటి ఇమిడి తిరిగే కణుపులను రెండు వైపుల నుంచీ ఉలితో చెక్కి, ఆ తర్వాత పలక మందాన్ని రెండు కొసల నుంచీ కణుపుల దాకా రంపంతో చీల్చాలి. ఒక్క కణుపు దగ్గర గీత తప్పినా పలకంతా పాడైపోతుంది. మొన్న ఓ విద్యార్థి కోత పూర్తిచేసి, రెండు అరచేతులతో మెల్లగా వత్తగానే పలక చిన్న చప్పుడుతో విచ్చుకుంది. షెడ్డులో పిల్లలందరూ పనులు వదిలి అతని బల్ల చుట్టూ చేరారు. మరునాడు అతను దానిని వాళ్ల నాయనమ్మకు ఇచ్చాడు.

ప్లైవుడ్, లామినేట్ల కాలంలో ఇదంతా ఎందుకని పిల్లలే అడుగుతారు. అది సరైన ప్రశ్నే. అందుకే ఏడాది చివర ప్లైవుడ్ అలమర ఒకటి చేయించి, తలుపుల్లో 35 మిల్లీమీటర్ల రంధ్రం వేసి, అందులో ఇమిడే గిన్నె ఆకారపు (కప్) మడతబందులు బిగించడం నేర్పుతున్నాను. పీట కాలు కదలకుండా బిగించిన చేయి అలమర తలుపును వాలిపోకుండా నిలబెట్టగలుగుతోంది.

ఇందులో నాకు ఎదురయ్యే పెద్ద చిక్కు కర్ర. అది ఆలస్యంగా, తరచుగా పచ్చిగా వస్తుంది. ఆరేటప్పుడు కర్ర పొడవులో దాదాపు తగ్గదు, అడ్డంగానే కుంచించుకుపోతుంది. దాంతో నెల తిరగకుండానే పోపుల పెట్టె మూత వంకర పోతుంది, పీట కాలు వదులవుతుంది. అది చూసి పిల్లవాడు తన చేతిలోనే లోపం ఉందనుకుంటాడు. కోర్సు మొదలయ్యే ముందే ఆరిన కర్రను, వేప అయినా మామిడి అయినా సరే, తగినంత అందించాలని, విడి ముక్కలకు బదులు వాడుకునే వస్తువు మీద అతుకును చూసి మార్కులు వేసే వీలును రాతపూర్వకంగా కల్పించాలని అధికారులను కోరుతున్నాను. తయారైన వస్తువును కర్ర ఖరీదు కట్టించుకుని అయినా విద్యార్థికే ఇచ్చేయాలి.

ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లలు పది రోజులు బడిసంచి లేకుండా వడ్రంగి, కుమ్మరి వంటి వారి దగ్గర పని చూసి నేర్చుకోవాలని 2020 జాతీయ విద్యా విధానం చెబుతోంది. ఆ పది రోజుల్లో కొన్నిటిని మా షెడ్లలో జరిపించవచ్చు. ఉదయగిరిలో చెక్క గరిటెలు చెక్కేవారినీ, ఏటికొప్పాకలో అంకుడు కర్రకు లక్క రంగులు అద్దేవారినీ తగిన పారితోషికంతో అప్పుడు పిలిపిస్తే, బడి పిల్లలతో పాటు మా విద్యార్థులూ, నేనూ వారి దగ్గర కూర్చుని నేర్చుకుంటాం.

ఇట్లు,
ఒక వడ్రంగి ట్రేడ్ ఉపాధ్యాయుడు,
ఏలూరు జిల్లా