కాలనీ పార్కులకు నీళ్లు పోసే వేళ ఇదేనా?

సంపాదకులకు,

అనంతపురంలో ఏడాదికి కురిసే వాన కాస్త అటూఇటుగా 550 మిల్లీమీటర్లు. అలాంటి ఊళ్లో పార్కు గడ్డికి మిట్టమధ్యాహ్నం పైపు పట్టడమేమిటి? చాలా నీళ్లు ఎండకే పోతాయి. వాకింగ్‌కు జనం రాకముందే, తెల్లవారుజామున తడిపితే వేళ్లకు అందుతాయి.

చెట్ల సంగతి మరీ అన్యాయం. కానుగ, వేప మొదళ్ల చుట్టూ జానెడు దూరంలోనే సిమెంటు గట్టు కట్టేస్తున్నారు. మాను లావెక్కేకొద్దీ గట్టు పగులుతుంది, లేదా చెట్టే ఎండుతుంది. కనీసం మూడడుగుల మట్టి వదలాలి. పాదు మాను దగ్గర ఎత్తుగా, అంచున పల్లంగా ఉండాలి. మానును అంటుకుని నీళ్లు నిలిస్తే బెరడు కుళ్లుతుంది. రాలిన ఆకులను తగలబెట్టకుండా పాదులో నాలుగు వేళ్ల మందాన పరిస్తే తేమ ఆరదు. ఆ పొగ పీల్చేదీ ఆయాసంతో నడిచే పెద్దవాళ్లే కదా!

ఓపెన్ జిమ్ పరికరం కిర్రుమంటే చాలాసార్లు బేరింగులో గ్రీజు ఎండినట్టే, చిన్న పని. ఊయల కొక్కెం సగం అరిగితే మాత్రం మార్చాల్సిందే. దానికి వెల్డింగ్ అతుకు వేసి పిల్లల్ని ఎక్కించొద్దు.

– ఒక పాఠకుడు, అనంతపురం