వద్దన్నా వదలని చీజ్ ముక్క

కస్టమర్ సేవల విభాగం అధికారి గారికి,

విషయం: పొద్దుటి గుడ్డు శాండ్‌విచ్‌లో అడక్కుండా చీజ్ పెట్టడం, వద్దన్నాక కూడా పెట్టడం గురించి ఫిర్యాదు.

అయ్యా/అమ్మా,

అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. మీ దగ్గర మాత్రం వద్దు మొర్రో అన్నా పెడుతున్నారు. ఈ నెలలో నాకిలా జరగడం నాలుగోసారి. మొదటి రెండుసార్లు సర్దుకుపోయాను. ఈసారి సర్దుకోలేక రాస్తున్నాను.

మొన్న మంగళవారం పొద్దున ఏడున్నరకి మీ కౌంటర్‌లో గుడ్డు శాండ్‌విచ్ ఒకటి, చీజ్ లేకుండా కావాలని అడిగాను. బిల్లు మీద కూడా ‘చీజ్ వద్దు’ అని స్పష్టంగా అచ్చయింది. పక్కకి వెళ్ళి కాగితం విప్పితే లోపల చీజ్ ఉంది. తిరిగి తీసుకెళ్తే కౌంటర్‌లో అబ్బాయి పాపం సారీ చెప్పి లోపలికి తీసుకెళ్ళి, అర నిమిషంలో తెచ్చిచ్చాడు. కొత్తది చేయలేదని చూడగానే తెలిసిపోయింది. స్లైస్‌ని గీకేశారు. గీకడంలో గుడ్డు పైపొర కూడా లేచిపోయింది. బన్నుకి మాత్రం పసుపు చారలు అలాగే అంటుకుని ఉన్నాయి. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటే ఇదే కాబోలు.

ఆ అబ్బాయి మీద నాకే కోపమూ లేదు. నా వెనక పది మంది నిలబడి ఉన్నారు. రద్దీ వేళకి ముందే శాండ్‌విచ్‌లన్నీ చీజ్‌తో సహా కట్టేసి వేడి అరలో పేర్చి ఉంచమన్నది మీరు. గీకడం తప్ప అతనికి దారేదీ?

నేను చీజ్‌కి శత్రువుని కాదు. గుడ్డు శాండ్‌విచ్‌లోకి అది ఎందుకొచ్చిందో కూడా తెలుసు. 1970ల మొదట్లో కాలిఫోర్నియాలోని శాంటా బార్బరాలో మెక్‌డొనాల్డ్స్ దుకాణం నడిపిన హెర్బ్ పీటర్సన్‌కి ఎగ్స్ బెనెడిక్ట్ (మఫిన్ అనే గుండ్రటి రొట్టె మీద మాంసం, గుడ్డు పెట్టి సాస్ పోసే వంటకం) అంటే ఇష్టం. దాన్ని చేత్తో పట్టుకుని తినేలా మార్చాలనుకున్నాడు. గుడ్డు మీద పోసే హాలండైజ్ సాస్ మరీ పల్చగా కారిపోతుంటే, దాని స్థానంలో ఒక చీజ్ స్లైస్ వేశాడు. అలా పుట్టిందే ఎగ్ మెక్‌మఫిన్. (ఆ కంపెనీ మీది కాదు, తెలుసు. కానీ మీరు నడుస్తున్నది ఆ బాటలోనే.) అంటే చీజ్ అక్కడ సాస్ పని చేయడానికి వచ్చింది. పొడిగా ఉన్న గుడ్డుకి, పొడిగా కాల్చిన మఫిన్‌కి మధ్య కాస్త తడి, కాస్త ఉప్పు, రెంటినీ పట్టి ఉంచే జిగురు. అలాంటి చోట చీజ్ ఉండాల్సిందే అని నేనూ ఒప్పుకుంటాను.

మీ శాండ్‌విచ్ సంగతి చూడండి. బన్నుకి రెండు వైపులా వెన్న. గుడ్డు మీద మయోనీస్ లాంటి సాస్. దాని పైన ఉప్పుప్పగా మాంసం ముక్క. ఇన్ని ఉన్నాక చీజ్ చేసే పనేమిటి? పెళ్ళికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకున్నట్టుంది.

పోనీ, పెట్టినదాన్నయినా సరిగ్గా కరగనిస్తున్నారా అంటే అదీ లేదు. మామూలు చీజ్ బాగా వేడెక్కితే నూనె ఒకవైపు, ముద్ద ఒకవైపు విడిపోతుంది. స్విట్జర్లాండ్‌లో 1911లో వాల్టర్ గెర్బర్, ఫ్రిట్జ్ స్టెట్లర్ సోడియం సిట్రేట్ కలిపి ప్రాసెస్డ్ చీజ్ చేశారు. ఆ లవణం పాల ప్రొటీన్‌లోని కాల్షియాన్ని పట్టేసుకోవడం వల్ల కొవ్వూ నీరూ విడిపోకుండా కలిసి ఉంటాయి, చీజ్ నున్నగా కరుగుతుంది. ఈ స్లైస్‌కున్న గొప్పదనమంతా ఆ కరగడంలోనే ఉంది. మీ వాళ్ళు దాన్ని ఫ్రిజ్‌లోంచి తీసి గుడ్డు కింద, చల్లటి బన్ను మీద పరుస్తున్నారు. నడుమ కాస్త మెత్తబడుతుంది, నాలుగు మూలలూ మాత్రం బయటికి తొంగిచూస్తూ రబ్బరు ముక్కల్లా ఉంటాయి. విప్పేసరికి సగం కాగితానికి, సగం బన్నుకి.

ఉప్పు సంగతి ఒక్క మాటలో చెప్తాను. పెద్దవాళ్ళకి రోజుకి 5 గ్రాముల లోపే ఉప్పు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. మాంసం, సాస్, బన్నుల్లో ఉన్న ఉప్పుకి తోడు అక్కర్లేని చీజ్ ఉప్పు కూడా పొద్దున్నే ఎందుకు?

ఇంతవరకూ రుచి గొడవ. అసలు కోపం దీని గురించి: మా ఇంట్లో ఒకరికి పాల అలర్జీ ఉంది. పడకపోవడం వేరు, అలర్జీ వేరు. లాక్టోస్ (పాలలోని చక్కెర) పడనివాళ్ళు కడుపునొప్పితో బయటపడొచ్చు. అలర్జీ ఉన్నవాళ్ళకి బన్నుకి అంటుకున్న ఆ పసుపు చారలే చాలు, ఊపిరాడక ఆసుపత్రికి పరుగెత్తాల్సి రావచ్చు. గీకితే చీజ్ ముక్క పోతుంది, పాల ప్రొటీన్ పోదు. (వెన్న రాసే బన్ను కాబట్టి వాళ్ళకి మీ దగ్గర నేనేమీ కొనను. కానీ ఆ సంగతి తెలియని కస్టమర్‌కి మీ సిబ్బంది గీకినదాన్నే ‘చీజ్ లేనిది’ అని ఇస్తే?) గీకి తిరిగివ్వడం అన్న పద్ధతిని మీ దుకాణాలన్నిటిలో వెంటనే ఆపించండి.

మీ యాప్‌లో ‘ఇంకా చీజ్’ అన్న బటన్ మొదటి పేజీలోనే, పెద్ద అక్షరాలతో ఉంది. ‘చీజ్ వద్దు’ అన్నది మూడు పేజీలు దాటాక ఎక్కడో అడుగున దొరుకుతుంది. అది నొక్కినా ధర పైసా తగ్గదు. ఎక్కువ వేస్తే డబ్బు తీసుకుంటున్నప్పుడు తీసేస్తే తగ్గించాలి కదా? ఆ రెండు బటన్లూ పక్కపక్కన పెట్టండి. వేడి అరలో చీజ్ లేనివి కూడా కొన్ని ఉంచండి, లేదా అడిగినవాళ్ళకి అప్పటికప్పుడు కొత్తది చేసివ్వండి. నాలుగు నిమిషాలు నిలబడమంటే నిలబడతాను.

మూడోసారి జరిగినప్పుడు మీ కస్టమర్ కేర్‌కి రాశాను. రెండు రోజుల తర్వాత క్షమాపణతో పాటు ఉచిత కూపన్ ఒకటి పంపారు. డబుల్ చీజ్ శాండ్‌విచ్‌కి.

ఆ కూపన్, మంగళవారం బిల్లు, గీకిన శాండ్‌విచ్ ఫోటో ఈ ఉత్తరంతో జతచేస్తున్నాను. కూపన్ మీరే ఉంచుకోండి.

ఇట్లు,
మీ పొద్దుటి కస్టమర్