వివాదంలో ఉన్న కళాకారుల రికార్డులు, పుస్తకాలు: ఇకపై మా షాపులో ఇలా

కస్టమర్లకు,

"అలాంటివాడని తేలాక కూడా అతని రికార్డులు ఎలా అమ్ముతున్నారు?" అని కొందరు, "మాకు కావలసింది పాట, అతని బతుకు మాకెందుకు, ఎందుకు తీసేశారు?" అని కొందరు అడుగుతున్నారు. ఇన్నాళ్లూ ఇద్దరికీ మేం సరిగా జవాబు చెప్పలేదు. గొడవ రేగిన రోజు సరుకు లోపల పెట్టేసి, అడిగితే స్టాక్ లేదన్నాం. అది అబద్ధం. ఇకపై ఉంటే ఉందనే చెబుతాం.

అమ్మడం వేరు, నెత్తిన పెట్టుకోవడం వేరు. కోర్టులో నేరం రుజువైనవాళ్ల రికార్డులు, పుస్తకాలు వాటి వరసలోనే ఉంటాయి. ముందు అద్దాల్లో, మా సిఫార్సుల బల్ల మీద, షాపులో మోగే పాటల్లో ఉండవు. 2018 మేలో పాటల యాప్ స్పాటిఫై ఇలాంటి పనే చేసింది. లైంగిక నేరాల ఆరోపణలున్న అమెరికన్ గాయకుడు ఆర్. కెల్లీ పాటలు తీసేయకుండా, తన ప్లేలిస్టుల్లోంచి మాత్రం తప్పించింది. నియమంలో మాటలు అస్పష్టంగా ఉన్నాయని ఒప్పుకుని నెల తిరక్కుండానే వెనక్కి తగ్గింది. కెల్లీ నేరం రుజువైంది 2021లో. అందుకే మా గీత ఆరోపణ దగ్గర కాదు, తీర్పు దగ్గర. లైంగిక దాడి కేసులో శిక్షపడిన అమెరికన్ హాస్యనటుడు బిల్ కాస్బీకి 2021లో జరిగినట్టు పై కోర్టు తీర్పు కొట్టేస్తే ఆ సరుకు మళ్లీ మామూలు సరుకే.

తీర్పు లేకపోయినా తమ నేరాన్ని స్వయంగా రాసుకున్నవాళ్లు ఉన్నారు. బ్రిటిష్ శిల్పి, అక్షరాల రూపకర్త ఎరిక్ గిల్ 1940లో పోయాడు. కూతుళ్లపై చేసిన అఘాయిత్యాలు అతని డైరీల ఆధారంగా 1989లో బయటపడ్డాయి. మా బోర్డు మీది అక్షరాలు అతను గీసిన గిల్ సాన్స్ ఫాంటువే. ఇంకా మార్చలేదు.

వినాలా వద్దా అన్నది మీ ఇష్టం. మేం చెప్పగలిగేది డబ్బు దారి. సెకండ్ హ్యాండ్ కాపీ కొంటే కళాకారుడికి దమ్మిడీ వెళ్లదు. సీల్ తీయని కొత్త రికార్డు కొంటే వెళ్తుంది, రెండు దారుల్లో. పాడినందుకు లేబుల్ (రికార్డు కంపెనీ) ఇచ్చేది, ముందుగా ఇచ్చిన అడ్వాన్స్ తీరాకే. పాట రాసినందుకు వచ్చేది దానితో సంబంధం లేకుండా విడిగా. కాబట్టి అట్ట వెనక పాట పేరు కింద చిన్న అక్షరాల్లో రచయిత పేరు చూడండి. చాలామంది పొరబడేది ఇక్కడే: వివాదంలో ఉన్నవాడు రాసిన పాటను వేరే గాయని పాడిన కొత్త రికార్డు కొన్నా రచయితగా అతనికి వాటా చేరుతుంది. వెనక డ్రమ్స్, వయొలిన్ వాయించినవాళ్లకు మాత్రం సాధారణంగా ఒకేసారి కూలి ఇచ్చేసి ఉంటారు. మీరు కొనకపోతే వాళ్లకు నష్టమేమీ లేదు. స్ట్రీమింగ్ ఇంకో చిక్కు. చాలా యాప్‌లు చందాలన్నీ ఒకే కుండలో వేసి, మొత్తం వినికిడి లెక్కన పంచుతాయి. మీరు ఒక్కసారీ వినకపోయినా మీ చందాలోంచి కొంత ఆ కళాకారుడి వైపు వెళ్తుంది.

ఈ వివరం ప్రతి కాపీ మీదా చిన్న చీటీలో రాస్తున్నాం: కొత్తదా పాతదా, రచయిత ఎవరు, బతికున్నాడా. చీటీ అంటించేది పైనున్న ప్లాస్టిక్ కవరుకే. అట్టకు అంటిస్తే జిగురుతో పాటు రంగూ ఊడొస్తుంది. మా పాత చీటీలతో కొన్ని అట్టలు అలాగే పాడయ్యాయి.

ముందే బుక్ చేసుకున్నాక తీర్పు వస్తే, సీల్ తీయని కాపీకి పూర్తి డబ్బు వాపస్. సీల్ తీస్తే సెకండ్ హ్యాండ్ ధరకే తీసుకుంటాం.