పసుపు గుర్తు కనబడితే కంప్యూటర్ పోయినట్టేనా?

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారం.

చిన్న పట్టణాల్లోని ట్యూషన్ కేంద్రాలు, జిరాక్స్ దుకాణాలు కొన్ని ఇప్పటికీ విండోస్ ఎక్స్‌పీ, విండోస్ 7 కాలం నాటి కంప్యూటర్లతోనే నెట్టుకొస్తున్నాయి. నెట్ రావడం లేదని వాటిని రిపేరుకు తీసుకెళితే, విప్పి చూడకుండానే ‘నెట్ కార్డు పోయింది, మదర్‌బోర్డు మార్చాలి, దానికన్నా కొత్తది కొనుక్కోండి’ అనేస్తున్నారు. టెలిఫోన్ శాఖలో పనిచేసి రిటైరై, తెలిసినవాళ్ల యంత్రాలు చూసిపెడుతున్న నాకు ఈ తీర్పు చాలాసార్లు తొందరపాటుగానే కనిపిస్తోంది.

ఆనాటి కంప్యూటర్లలో, ముఖ్యంగా లాప్‌టాప్‌లలో, లాన్ (నెట్ కేబుల్ తగిలించే భాగం), మోడెమ్ (ఫోన్ లైను ద్వారా నెట్ అందించే భాగం) రెండూ ఒకే కార్డు మీద వచ్చిన సందర్భాలున్నాయి. కార్డు ఒకటే అయినా విండోస్ లెక్కలో అవి రెండు పరికరాలు, దేని డ్రైవర్ (పరికరాన్ని నడిపించే సాఫ్ట్‌వేర్) దానికి విడిగా ఎక్కించాలి. విండోస్‌ను మళ్లీ వేసిన తర్వాత కంప్యూటర్‌లోని పరికరాల జాబితా చూపే డివైస్ మేనేజర్‌లో ‘పీసీఐ సింపుల్ కమ్యూనికేషన్స్ కంట్రోలర్’ అన్న పేరు మీద పసుపు గుర్తు పడుతుంది. ఎక్స్‌పీ కాలం నాటి యంత్రాల్లో అది చాలావరకు డ్రైవర్ లేని మోడెమే. ఫోన్ లైనుతో నెట్ కలిపే డయలప్ వాడని ఈ రోజుల్లో దాన్ని అలా వదిలేసినా నష్టం లేదు. పట్టించుకోవలసింది ‘ఈథర్‌నెట్ కంట్రోలర్’, అంటే లాన్ మీద ఉన్న గుర్తును. అక్కడ కూడా మొదట అనుమానించవలసింది డ్రైవర్‌నే, ఎందుకంటే పూర్తిగా చచ్చిపోయిన కార్డు సాధారణంగా ఆ జాబితాలో కనబడనే కనబడదు. ఆ పేరు మీద రైట్‌క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లోని డీటెయిల్స్‌లో హార్డ్‌వేర్ ఐడీ చూస్తే తయారీదారు సంకేతం దొరుకుతుంది: 10ఈసీ అని ఉంటే రియల్‌టెక్, 8086 అని ఉంటే ఇంటెల్. దాన్నిబట్టి సరైన డ్రైవర్‌ను ఇంకో కంప్యూటర్‌లో దించుకుని పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకోవచ్చు.

జాబితాలో కార్డు పేరే లేకపోతే అప్పుడు పెట్టె విప్పాలి. కరెంటు ప్లగ్గు తీసేసి, కార్డును ఊడదీసి, అంచున ఉన్న బంగారు రంగు పట్టీలను పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, వేరే స్లాట్‌లో గట్టిగా కూర్చోబెడితే బతికివచ్చినవి ఉన్నాయి. టార్చి వేసి లాన్ సాకెట్ లోపలికి కూడా చూడాలి. ఫోన్ వైరు కొనను ఆ పెద్ద రంధ్రంలో దూర్చినా పట్టేస్తుంది కాబట్టి, ఎవరో ఎప్పుడో పొరపాటున గుచ్చడం వల్ల చివరి పిన్నులు వంగి ఉండవచ్చు. ఫోన్ వైరు తగిలించి ఉండగా పిడుగు పడితే మాత్రం మోడెమ్ నిజంగానే కాలిపోతుంది, ఒక్కోసారి బోర్డును కూడా వెంట తీసుకుపోతుంది. అటువంటప్పుడు రిపేరువారి మాటే నిజం.

కేబుల్ పెట్టగానే సాకెట్ దగ్గరి లైటు వెలుగుతూ, ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌లో కంప్యూటర్‌ను గుర్తించే సంఖ్య) 169.254తో మొదలైతే, కార్డు పనిచేస్తోంది కానీ రూటర్ నుంచి అడ్రస్ అందలేదని అర్థం. ముందు రూటర్‌ను, కేబుల్‌ను మార్చి చూడాలి. అడ్రస్ సరిగానే వచ్చి వెబ్‌సైట్లు మాత్రం తెరుచుకోకపోతే, గడియారం చూడండి. బోర్డు మీది 3 వోల్టుల బటన్ సెల్ అయిపోతే తేదీ ఏళ్ల వెనక్కి పోయి, సురక్షిత సైట్లు మొరాయిస్తాయి. ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ మద్దతు 2014 ఏప్రిల్ 8తోనే ముగిసింది కనుక దానిలోని పాత బ్రౌజర్‌లో నేటి సైట్లు చాలా వరకు తెరుచుకోవు. ఎన్ని కార్డులు మార్చినా దానికి ప్రయోజనం ఉండదు. అలాంటి యంత్రాన్ని బ్యాంకు పనులకు వాడమని నేనూ చెప్పను, టైపింగుకూ ప్రింటుకూ ఉంచుకోవచ్చు.

రిపేరు దుకాణాలవారికి నా మనవి ఒక్కటే: ‘కార్డు పోయింది’ అని బిల్లు మీద రాసేటప్పుడు, దాని స్థానంలో వేరే కార్డు పెట్టి చూశారో లేదో కూడా రాయండి. రిపేరుకు ఇచ్చినవారు కూడా ఆ మాట రాయించుకున్న తర్వాతే డబ్బు చెల్లించడం మంచిది.

ఇట్లు,
ఒక విశ్రాంత టెలిఫోన్ ఉద్యోగి,
తెనాలి.