పాఠంలో కళింగపట్నం లెక్క ఒకటి చేర్చండి

సంపాదకులకు,

పదో తరగతి త్రికోణమితిలో దీపస్తంభం మీద నుంచి పడవను చూసే లెక్కలున్నాయి. ఆ పడవ ఏ దిక్కున పోవాలో తేల్చే లెక్క మాత్రం లేదు. ఇంత తీరం ఉన్న శ్రీకాకుళం జిల్లాలో ఇది పెద్ద లోటు. దానికి కావలసిన కాస్, టాన్ పిల్లలకు అప్పటికే వచ్చు.

కళింగపట్నం 18°20′ ఉత్తర అక్షాంశం, 84°07′ తూర్పు రేఖాంశం మీద ఉంది. అండమాన్ దీవుల్లోని రేవు పోర్ట్ బ్లెయిర్ (2024 నుంచి శ్రీ విజయపురం) 11°40′, 92°45′. దారి పొడవునా దిశ మార్చకుండా పోవాలంటే ఏ డిగ్రీ పట్టాలి? అక్షాంశాల తేడా 400 నిమిషాలు (డిగ్రీలో అరవయ్యో వంతు ఒక నిమిషం). అక్షాంశంలో నిమిషానికి ఒక నాటికల్ మైలు (1.852 కి.మీ.) కనుక దక్షిణానికి 400 మైళ్లు. రేఖాంశాల తేడా 518 నిమిషాలు. దీన్నీ 518 మైళ్లుగా వేసెయ్యడంతోనే లెక్క చెడుతుంది. ధ్రువాల వైపు పోయేకొద్దీ రేఖాంశాలు దగ్గరవుతాయి. మధ్య అక్షాంశం 15° దగ్గర నిమిషానికి వచ్చేది కాస్ 15°, అంటే 0.966 మైలే. 518ని దాంతో గుణిస్తే 500. టాన్ 500/400, అంటే 1.25. కోణం దక్షిణం నుంచి తూర్పుకు 51.3°, ఉత్తరం నుంచి కొలిస్తే దాదాపు 129°. దూరం 640 మైళ్లు.

ఈ కాస్ సవరణ మరిస్తే దిశ ఒక డిగ్రీ తప్పుతుంది. అంత దూరం పోయేసరికి పడవ పది మైళ్లకు పైగా పక్కకు పోతుంది. (రేవు దీవికి తూర్పున ఉంది కాబట్టి అసలు ప్రయాణంలో చివర చుట్టు తిరగక తప్పదు. లెక్కకు అది అడ్డం కాదు.)

ఇది అతి దగ్గరి దారి కాదనేవారున్నారు. నిజమే, కానీ ఇక్కడ తేడా రెండు వందల మీటర్లు కూడా ఉండదు. భూమధ్యరేఖకు బాగా ఎగువన తూర్పు పడమరలుగా సాగే దూర ప్రయాణాల్లోనే ఆ తేడా లెక్కకొస్తుంది. అక్షాంశం బాగా మారే దూర ప్రయాణాల్లోనైతే ఒక్క మధ్య అక్షాంశంతో సరిపెట్టలేం. 1569లో పటాల రూపకర్త మెర్కేటర్ ఈ స్థిర దిశా మార్గాలు సరళరేఖలుగా కనిపించే పటం గీశాడు. సీకెంట్ (1/కాస్) విలువలను నిమిషం నిమిషానికీ కూడి ఇంగ్లిష్ గణితజ్ఞుడు ఎడ్వర్డ్ రైట్ 1599లో దానికి పట్టికలిచ్చాడు.

సముద్రంలో ఇంకో చిక్కు ప్రవాహం. ఆరు నాట్ల (నాట్ అంటే గంటకు ఒక నాటికల్ మైలు) పడవను ఒక నాట్ ప్రవాహం అడ్డంగా నెడితే నాలుగు గంటల్లో నాలుగు మైళ్లు జరిగిపోతుంది, కంపాస్ ముల్లు మాత్రం అదే డిగ్రీ చూపిస్తుంది. కంపాస్ పక్కన ఇనుము, బ్యాటరీ, స్పీకర్ ఉంటే ఆ ముల్లునూ నమ్మలేం.

పాఠ్యపుస్తకంలో ఒక లెక్క, తీరగ్రామాల శిక్షణ తరగతుల్లో ఒక గంట: విద్యాశాఖ, మత్స్యశాఖ ఈ రెండూ పరిశీలించాలి.

– గణిత ఉపాధ్యాయులు, గార మండలం, శ్రీకాకుళం జిల్లా