డైరెక్టరమ్మ గారు షెడ్డు చూశారా?

సంపాదకుల వారికి,

పాలకొల్లులో చిన్న దుకాణాలకు జీఎస్టీ లెక్కలు రాస్తుంటాను. మావారు ఎప్పుడో కొన్న ఒక రొయ్యల కంపెనీ షేర్లు నా పేరు మీదికి వచ్చాయి. ఏటా దాని వార్షిక నివేదిక చదువుతాను. బోర్డులో ఉన్న ఒకే ఒక్క ఆడమనిషి ఛైర్మన్ గారి భార్య.

2013 కంపెనీల చట్టం ప్రకారం లిస్టెడ్ కంపెనీలో, అంటే షేర్లు స్టాక్ మార్కెట్లో నమోదైన కంపెనీలో, కనీసం ఒక మహిళా డైరెక్టరు ఉండాలి. ఆవిడ యజమాని ఇంటి మనిషైనా తప్పు లేదు. బయటి వ్యక్తిని, అంటే స్వతంత్ర మహిళా డైరెక్టరును పెట్టి తీరాలన్న షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ నిబంధన 2020 ఏప్రిల్ నుంచి మార్కెట్ విలువలో మొదటి వెయ్యి కంపెనీలకే వర్తిస్తోంది. మా కంపెనీ అంత పెద్దది కాదు. సర్పంచ్ కుర్చీలో భర్త కూర్చోవడం పంచాయతీల్లో చూస్తూనే ఉన్నాం, ఇదీ ఆ బాపతే.

ఆవిడ తెలివి మీద నాకు అనుమానం లేదు. ఆవిణ్ణి కూర్చోబెట్టిన చోటు మీదే నా పేచీ అంతా. ఆడిట్ కమిటీలో లేరు. నియామకాలు, జీతాలు చూసే కమిటీలోనూ లేరు. కంపెనీ సమాజసేవ ఖర్చు చూసే సీఎస్ఆర్ కమిటీలో మాత్రం ఉన్నారు, కుట్టుమిషన్లు పంచే ఫొటోలో కనిపిస్తారు. పంచిపెట్టడానికి ఆడవాళ్లు, లెక్క అడగడానికి మగవాళ్లు!

అదే కంపెనీ ప్లాంటు షెడ్డులో రొయ్య తలలు తీసేది, పొట్టు ఒలిచేది దాదాపు అంతా ఆడవాళ్లే. తెల్లారకముందే ఊళ్ల నుంచి వ్యాన్లలో వచ్చి ఐసు నీళ్లలో చేతులు పెడతారు. పీఎఫ్ కాగితాలతో నా దగ్గరికొచ్చే మా వీధి అమ్మాయిని 'మీ యజమాని ఎవరమ్మా' అంటే మేస్త్రి పేరు చెబుతుంది. నివేదికలో లైంగిక వేధింపుల ఫిర్యాదులు సున్నా. 2013లోనే వచ్చిన వేధింపుల నిరోధక చట్టం కాంట్రాక్టు కూలీలకూ వర్తిస్తుంది. ఫిర్యాదు తీసుకునే కమిటీ ఉందనే సంగతే ఆ పిల్లకు తెలియదు. ఇక సున్నా కాక ఏమొస్తుంది?

వాటాదార్ల సమావేశం వీడియోలో జరిగింది. పేరు నమోదు చేసుకుని ఇదే అడిగాను. 'నోట్ చేసుకున్నాం మేడమ్' అన్నారు కంపెనీ సెక్రటరీ. డైరెక్టరమ్మ గారి మైకు చివరిదాకా మ్యూట్‌లోనే ఉంది.

కంపెనీ ఇచ్చే మొత్తం కూలిలో, కాంట్రాక్టు వాళ్లతో కలిపి, ఆడవాళ్ల చేతికి ఎంత వెళుతోందో నివేదికలో వేయమని వచ్చే ఏడు మళ్లీ అడుగుతాను. భీమవరం, కాకినాడ వైపు ఇలాంటి షేర్లున్న ఆడవాళ్లు మీరూ అడగండి. ఒక్క షేరున్నా చాలు.

— ఒక చిన్న వాటాదారు, పాలకొల్లు