వ్యాన్‌లో ఇంటి ఫ్రిజ్ వద్దండీ

సంపాదకులు గారికి నమస్కారం. మొన్న ఆదివారం అనుబంధంలో కేంపర్ వ్యాన్ల (పడక, వంట ఏర్పాట్లతో ఇల్లులా వాడుకునే వ్యాన్ల) గురించి వేసిన వ్యాసం బాగుంది, ఫొటోలు ఇంకా బాగున్నాయి, కానీ ఫ్రిజ్ సంగతి మాత్రం ఇంట్లో వాడే చిన్న సింగిల్ డోర్‌ది ఒక ఇన్వర్టర్‌కి తగిలిస్తే చాలు అని ఒక్క ముక్కలో తేల్చేశారు, అది చదివాక రాయకుండా ఉండలేకపోయాను. నేను జయపురంలో బళ్ళ కరెంటు పని చేస్తాను. సాలూరు ఘాట్ ఎక్కి దేవమాలి కొండ, డుడుమ జలపాతం వైపు పోయే వ్యాన్లు ఈమధ్య బాగానే వస్తున్నాయి, చాలామందిది ఒకటే గోల, తెల్లారేసరికి బ్యాటరీ పడుకుంది, పాలు విరిగాయి అని.

ఇంటి ఫ్రిజ్‌కి 230 వోల్టులు కావాలి. వ్యాన్ బ్యాటరీ ఇచ్చే 12 వోల్టుల్ని అలా మార్చడంలోనే పదో పదిహేనో శాతం పోతుంది, ఫ్రిజ్ ఆగి ఉన్నా ఇన్వర్టర్ ఊరికే తింటూనే ఉంటుంది, పైగా మామూలు కంప్రెసర్ స్టార్ట్ అయ్యేటప్పుడు ఎన్నో రెట్లు లాగుతుంది కాబట్టి చిన్న ఇన్వర్టరైతే అక్కడే ట్రిప్పు. అదే 12 వోల్టుల డీసీ కంప్రెసర్‌ది, పైకి మూత తీసే పెట్టె రకం, 40 లీటర్లది అయితే తిరిగినప్పుడు 45-60 వాట్లు, మధ్యమధ్యలో ఆగుతుంది కాబట్టి మన ఎండలకి కూడా రోజుకి ఇంచుమించు 500 వాట్ అవర్లు (ఒక వాట్ గంటసేపు వాడితే ఒక వాట్ అవర్). ఖరీదు ఎక్కువే, కాదనను.

గ్యాస్ మీద కూడా నడిచే రకం ఉంది గానీ అది బండి సమంగా నిలబెడితేనే సరిగా చల్లబడుతుంది, దేవమాలి మీద సమంగా ఉన్న జాగా ఎక్కడ దొరుకుతుంది చెప్పండి? మల్కనగిరి ఎండలకైతే అది చేతులెత్తేస్తుంది.

బ్యాటరీకొస్తే, 100 ఆంపియర్ అవర్ల లిథియం ఐరన్ ఫాస్ఫేట్‌ది 1280 వాట్ అవర్లు, వెయ్యి దాకా ధైర్యంగా వాడుకోవచ్చు. ఇంటి ఇన్వర్టర్లకి పెట్టే లెడ్ యాసిడ్ రకం, 150 ఆంపియర్ అవర్ల ట్యూబులర్‌ది పేరుకి 1800, సగం దాటి వాడితే తొందరగా పోతుంది, బరువా యాభై కేజీల పైమాటే, ఘాట్ కుదుపులకి యాసిడ్ గొడవ ఒకటి. 200 వాట్ల సోలార్ ప్యానెల్ మంచి ఎండలో ఫ్రిజ్‌ని, ఫ్యాన్‌ని లాగేస్తుంది, శ్రావణ మాసం వానల్లో దాన్ని నమ్ముకోవద్దు, ఇంజన్ నుంచి ఛార్జింగ్ పెట్టుకోండి. కాకపోతే లిథియం బ్యాటరీని డైరెక్టుగా ఆల్టర్నేటర్‌కి, అంటే ఇంజన్‌తో తిరిగి కరెంటు పుట్టించేదానికి, కలిపేస్తే అది ఇచ్చినంతా లాగి ఆల్టర్నేటర్‌ని కాల్చేస్తుంది, మధ్యలో ఆ లాగడాన్ని అదుపులో పెట్టే డీసీ టు డీసీ ఛార్జర్ ఉండాల్సిందే.

అన్నిటికంటే ఎక్కువ మోసం చేసేది వైరు. ఈమధ్య ఒక బండిలో ఫ్రిజ్ వెనకాల ఉంది, అంత దూరం ఒకటిన్నర స్క్వేర్ ఎంఎం వైరు లాగేశారు. మీటర్ పెట్టి చూస్తే బ్యాటరీ దగ్గర 12.4, ఫ్రిజ్ నడుస్తుండగా సాకెట్ దగ్గర 11.6, సిగరెట్ లైటర్ సాకెట్ ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమంది, లోపల ప్లాస్టిక్ మెత్తబడిపోయి ఉంది. ఫ్రిజ్ ఏమో బ్యాటరీ అయిపోతోందనుకుని ఆగిపోతోంది, ఓనర్ ఏమో కొత్త బ్యాటరీ కొనడానికి రెడీ అయిపోయాడు! ఆరు స్క్వేర్ ఎంఎం వైరు వేసి సాకెట్ తీసేసి గట్టి కనెక్టర్ పెట్టాం, పాత బ్యాటరీతోనే నడుస్తోంది.

ఈసారి ఇలాంటి వ్యాసం వేస్తే రోజుకి ఎన్ని వాట్ అవర్లు కావాలో కూడా వేయండి సార్. ఫ్యూజు బ్యాటరీ ప్లస్ పక్కనే పెట్టాలని కూడా, ఫ్రిజ్ దగ్గర పెడితే మధ్యలో వైరు ఒరుసుకుపోయి బాడీకి తగిలినప్పుడు అది ఎగరదు.

ఇట్లు
ఒక పాఠకుడు, జయపురం, కొరాపుట్ జిల్లా